నుడికారమునకు వ్యాఖ్య: ఫ్రెంచివారి యాంగ్లపాఠములును, అశోక్‌నగరు విద్యార్థులును

విడివిడిగాఁ దెలిసిన పదములే కలసివచ్చినపుడు తెలియరాని యర్థము నిచ్చు ఘట్టములు ప్రతిభాషయందును గలవు. వానినే తెలుఁగున జాతీయములనియు, నుడికారమనియు, పలుకుబడియనియు వ్యవహరింతురు. పరభాష నేర్చువానికి వ్యాకరణముకంటెను, నిఘంటువుకంటెను నెక్కుడు శ్రమ కలిగించునవి యివియే. హైదరాబాదునఁ జిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమునందును, అశోక్‌నగరు కోచింగు సెంటర్లయందును, నారాయణగూడ స్టడీహాళ్లయందును పోటీపరీక్షలకుఁ జదువుచున్న యువతీయువకులకు నేఁడు ఆంగ్ల జాతీయముల పట్టిక నిత్యపారాయణగ్రంథమైనది. ఇట్టి పారాయణమునకు నాలుగువందల యేండ్లకు మించిన చరిత్ర కలదు. అందు ఫ్రెంచివారి పుటలు మిక్కిలి విలువగలవి.

శబ్దశాస్త్రమున నీ విషయము క్రొత్తది కాదు. అవయవములవలన వచ్చు నర్థము యోగము. సముదాయమునకు లోకవ్యవహారముచే నేర్పడిన యర్థము రూఢి. రెండును గలసినచో యోగరూఢి. పంకజశబ్ద మిందుల కుదాహరణము: బురదలోఁ బుట్టినవి యెన్నియున్నను తామరకే యా పేరు చెల్లినది. కుశలుఁడనఁగా దర్భలు తెచ్చువాఁడనియు, ప్రవీణుఁడనఁగా వీణ చక్కఁగా వాయించువాఁడనియు నవయవార్థములు; దర్భను గాని వీణను గాని యెఱుఁగనివానికిని నేఁడా పేళ్లు చెల్లుచున్నవి. రూఢి యోగమును మించునని శాస్త్రకారుల నిర్ణయము. కుండ కావలసినవాఁడు కుమ్మరి యింటికిఁ బోయి చేయించుకొనును గాని, మాట కావలసినవాఁడు వైయాకరణుని యింటికిఁ బోవఁడని మహాభాష్యమునఁ బతంజలి చూపిన దృష్టాంతమునకుఁ దాత్పర్య మిదియే: శబ్దార్థసంబంధమునకు లోకమే ప్రమాణము. జాతీయ మట్టి రూఢికిఁ బరాకాష్ఠ. విఱిచి చెప్పినచో దాని యర్థము జాఱిపోవును. లోకమును జూపి చెప్పినచో నిలుచును.

ఈ సత్యము నాచరణమునఁ జూపినవారిలో ఝాక్ బెలో యను ఫ్రెంచి యుపాధ్యాయుఁ డొకఁడు. 1572లో ఫ్రాన్సున సెయింట్ బర్తలోమియో దినమున జరిగిన ప్రొటెస్టంటుల వధానంతరము పెక్కు కుటుంబములు లండను నగరమునకుఁ దరలిపోయెను. వారికిఁ గావలసినది కావ్యభాష కాదు; రొట్టె కొనుటకును, బేరమాడుటకును, పొరుగువానిని బలుకరించుటకును వలయు మాట. బెలో 1580లో వారికొఱకు ఆంగ్లోపాధ్యాయుఁడను గ్రంథమును, 1586లో నిత్యవ్యవహార సంభాషణములను బ్రకటించెను. ఈ రెండవ గ్రంథమున నొకవరుస నాంగ్లము, నొకవరుస ఫ్రెంచి, మఱియొక వరుస నాంగ్లోచ్చారణము ఫ్రెంచి వర్ణక్రమమున నుండును. ఉదయమున నిద్రలేచుట, అంగడిలో బేరము, భోజనము మొదలగు సందర్భములే యందలి ప్రకరణములు. అకారాదిక్రమమును విడిచి జీవనక్రమమును బట్టుటయే యతని మార్గము.

ఆ మార్గమును విడిచినవారి కేమగునో పెద్రో కరొలీనో పేర 1855లో వెలువడిన గ్రంథము తెలుపుచున్నది. అది పోర్చుగీసువారి కాంగ్లము నేర్పుటకై పుట్టినది. గ్రంథకర్త కాంగ్లము రాదు; ఫ్రెంచి సంభాషణగ్రంథమును, ఫ్రెంచి–ఆంగ్ల నిఘంటువును ముందిడుకొని మాటకు మాట మార్చుచుఁ బోయెను. ఫ్రెంచిలో 'క్రోకే ల మార్మో' యనఁగా వాకిట నిలిచి చాలసేపు వేచియుండుట. నిఘంటువును నమ్మిన యా గ్రంథమున నది 'క్రాంచ్ ద మార్మొసెట్' అయ్యెను. అనఁగా నొక చిన్నకోఁతిని కఱకఱ నములుట! అవయవార్థమును బట్టి సముదాయార్థమును విడిచినవాని గతి యిట్టిది. ఆ గ్రంథము నవ్వుకొనుటకై 1883లో అమెరికాలో మరల నచ్చుపడఁగా మార్క్ ట్వేను దానికిఁ బీఠిక వ్రాసెను.

ఒకే భావము మూఁడు దేశములలో మూఁడు వేషములు ధరించుటను గమనించినచో వ్యాఖ్యానరీతి తేటపడఁగలదు. అనుభవజ్ఞునకు వాని విద్యనే బోధింపఁబూనుటను ఆంగ్లేయులు 'అవ్వకు గ్రుడ్డు జుఱ్ఱుట నేర్పుట' యందురు. ఫ్రెంచివారు 'ముదికోఁతికి వెక్కిరింత నేర్పుట' యందురు. తెలుఁగువారు 'తాతకు దగ్గులు నేర్పుట' యందురు. అరుదుగా జరుగుదానిని ఆంగ్లేయులు నీలిచంద్రునితోఁ జెప్పుదురు. ఫ్రెంచివారు నెలలో ముప్పదియాఱవ తేదీ యందురు. ఆ తేదీ యే నెలకును లేదు. తెలుఁగువారు 'అమావాస్యకో పున్నమకో' యందురు. మఱియు నరుదైనచో పుష్కరమును దలంతురు. పండ్రెండేండ్ల కొకసారి బృహస్పతిగతి ననుసరించి వచ్చు పర్వము నెఱుఁగని పరదేశికి నీ మాట కొఱుకుడుపడదు. భారీవర్షమున ఆంగ్లేయునకుఁ బిల్లులును గుక్కలును రాలును, ఫ్రెంచివానికిఁ ద్రాళ్లు దిగును, తెలుఁగువానికిఁ గుండపోత. చెప్పాపెట్టక వెడలిపోవుటను ఆంగ్లేయుఁడు 'ఫ్రెంచి సెలవు' అనఁగా, ఫ్రెంచివాఁడు 'ఆంగ్లరీతిని జాఱుకొనుట' యనును! నింద నెదుటివాని నెత్తినఁ బెట్టుట యందు మాత్ర మిరువురకు నైకమత్యము కుదిరినది.

జాతీయములతోపాటు దొంగచుట్టముల వంటి పదములును గలవు. రూపమునఁ దమ మాటను బోలి యర్థమున వేఱగు ఆంగ్లపదములకు 'కపటమిత్రము' లని పేరిడి కోస్లర్, దెరోకిన్యీ యను నిరువురు పండితులు 1928లో నొక గ్రంథము ప్రకటించిరి. ఆంగ్లమున లైబ్రరీ గ్రంథాలయము. ఫ్రెంచిలో దానిని బోలిన లిబ్రేరీ పుస్తకముల యంగడి. ఇట్టి కపటమిత్రములు మనకును గలవు. తెలుఁగున నుపన్యాసము ప్రసంగము, హిందీలో నవల; తెలుఁగున నవకాశము వీలు, హిందీలో సెలవు.

తెలుఁగు నుడికారమును బరదేశీయులకు విప్పిచెప్పిన ప్రయత్నములును దక్కువవి కావు. సంస్కృతమునకును లాటినుభాషకును గల సాదృశ్యమును 1767లోఁ బారిసు పండితులకు వ్రాసి తెలిపిన ఫ్రెంచి జెస్యూటు గాస్తోఁ కూర్దూ తెలుఁగు–ఫ్రెంచి–సంస్కృత నిఘంటువును గూర్చెను. 1852లో వెలువడిన బ్రౌనుదొర తెలుఁగు–ఆంగ్ల నిఘంటువు పదములతోపాటు జనుల నోటి పలుకుబడులను జేర్చుకొన్నది. 1868లోఁ గార్‌దొర తెలుఁగు సామెతల నాంగ్లానువాద వివరణములతో మదరాసునఁ బ్రకటించెను. పరదేశీయుఁడు మన మాటను నేర్చుకొన్న మార్గమే పరభాషను నేర్చుకొను మనకును మార్గదర్శకము.

హైదరాబాదు తెలుఁగువాని కీ భారము రెండింతలైనది. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనభాష ఉర్దూ. 1948 తరువాత దాని స్థానము నాంగ్లము పొందినది. ఇంట నొక భాష, బడిలో నొక భాష, కొలువున నొక భాష యైనచోటఁ దెలుఁగున బాలికలకుఁ జదువు చెప్పుటకై 1928లో మాడపాటి హనుమంతరావుగారు నెలకొల్పిన పాఠశాల, నేఁడు నారాయణగూడలో నున్నది, సామాన్యమైన సాహసము కాదు. ఇప్పటి యశోక్‌నగరమునకుఁ బల్లెలనుండి తెలుఁగు మాధ్యమమునఁ జదివి వచ్చిన విద్యార్థికి ఆంగ్ల జాతీయము మార్కుల లెక్కయే కాదు, కొలువుల వాకిలి కూడ. పట్టణపు బిడ్డకు వినికిడివలన వచ్చినది, వానికి జిరాక్సు కాగితముల వలన రావలసియున్నది. తప్పునకు మార్కులు కోయు పరీక్షలో నవయవార్థము చూచి మోసపోయినవానికిఁ గలుగు నష్టము చిన్నది కాదు.

దీనికి మూఁడంచెల వ్యాఖ్య యుక్తము. మొదటఁ బదములు చూపు బొమ్మ, పిదప సముదాయతాత్పర్యము, తుదకు నెవరు, ఎవరితో, నెట్టి సమయమున నందురను ప్రయోగస్థానము. మరణమును జెప్పు 'కిక్ ద బకెట్' నిందుల కుదాహరణముగాఁ గొనవచ్చును. బొమ్మ బాల్చీని దన్నుట; తాత్పర్యము చనిపోవుట; ప్రయోగము వేళాకోళమున మాత్రమే, సంతాపసభలోఁ గాదు. ఫ్రెంచివాఁడు దీనికిఁ 'దన పొగగొట్టమును బగులఁగొట్టుకొనుట' యనును. తెలుఁగున 'నూకలు చెల్లుట' కలదు. ఇది యుండఁగానే యాంగ్లమునుండి 'బాల్చీ తన్నుట' దిగి వాడుకలో నిలిచినది. రూఢియైన దానిని లోకము తోసివేయదు. కాని 'తెల్లయేనుఁగు' పత్రికలలో విరివిగాఁ దిరుగుచుండఁగా, పసులమెడకుఁ గట్టు 'గుదిబండ' మఱుగుపడుట శోచనీయము. మొదటిది పోషింపలేని సొత్తు, రెండవది విడిపించుకొనరాని బరువు. రెంటికిని భేదము గలదు గనుక రెండును దక్కవలసినవే.

తన నుడికారము నెఱిఁగినవానికే పరుల నుడికారము లొంగును. తాతకు దగ్గులు నేర్పుట యననేమో తెలిసిన పల్లెబిడ్డకు, అవ్వకు గ్రుడ్డు జుఱ్ఱుట నేర్పుట యేమో ఒక్క మాటలోఁ దెలియును. ఆ మాటను దెలుపుటయే యుపాధ్యాయుని పని. చిక్కడపల్లి గ్రంథాలయపు బల్లపై నాంగ్ల జాతీయముల పట్టిక ప్రక్కనే తెలుఁగు జాతీయముల పొత్తమును దెఱచియుంచిన విద్యార్థి కీ రెండవ పుస్తకము భారము కాదు, మొదటిదానికి వ్యాఖ్యయే యగును.