తాళం మనదే, తలుపు వాళ్లది

ఈ వారం ఎపిసోడ్‌లో స్టోరేజ్ యూనిట్ల గొడవల గురించి మాట్లాడుకున్నాం. టైమ్ చాలక చరిత్ర భాగం మొత్తం వదిలేశాను. ఆ వదిలేసిన ముక్కే ఇది. ముందు నా కథ కాస్త చెప్పాలి. లేకపోతే ఈ పాత కేసులన్నీ ఎందుకు తవ్వుతున్నానో మీకు అర్థం కాదు.

2018 జనవరిలో హెచ్-1బి స్టాంపింగ్ కోసం కుటుంబంతో హైదరాబాద్ వెళ్లాను. మూడు వారాల ప్రయాణం. సన్నీవేల్‌లో మా అపార్ట్‌మెంట్ లీజు డిసెంబరుతో అయిపోయింది. తిరిగొచ్చాక ఫ్రీమాంట్ వైపు చూసుకుందాంలే అని సామానంతా ఒక టెన్ బై టెన్ యూనిట్‌లో సర్దేసి, తాళం వేసి, ఆటోపే పెట్టి విమానం ఎక్కేశాం. ఇంటర్వ్యూలో 221(జి) స్లిప్పు చేతిలో పెట్టారు. మూడు వారాలు కాస్తా ఆరు నెలలయ్యాయి.

ఈ మధ్యలో నా కార్డు నంబరు ఎవరో వాడారని బ్యాంకు వాళ్లు పాతది ఆపేసి కొత్తది పంపారు. ఎక్కడికి? ఖాళీ చేసిన అపార్ట్‌మెంట్‌కి. కార్డు మారిందని మెయిల్ చూశాను గానీ, ఆ కార్డుకి యూనిట్ అద్దె ముడిపడి ఉందని తట్టనే లేదు. అమెరికా ఫోను లైను కూడా ఆపేసి వెళ్లాను. తప్పు నాదే, కాదనను.

మే నెలలో, నా సర్టిఫికెట్లు కావాలంటే, తమ్ముడిలాంటి పాత రూమ్మేట్ స్పేర్ తాళంచెవి పట్టుకుని వెళ్లాడు. అక్కణ్ణుంచి ఫోన్ చేశాడు. "అన్నా, తలుపు మీద నీ తాళం లేదు. వేరే ఎవరిదో ఉంది." ఆఫీసులో అడిగితే, అగ్రిమెంటులో నీ పేరు లేదు, నీకేం చెప్పలేం అన్నారట. నేను అర్ధరాత్రి హైదరాబాద్ నుంచి ఫోన్ చేస్తే తెలిసింది, సామాను మూడు వారాల కిందే వేలంలో పోయిందని. కొన్నాయన ఎవరో మంచివాడు, ఫొటోలూ కాగితాలూ ఒక అట్టపెట్టెలో వేసి ఆఫీసులో ఇచ్చి వెళ్లాడు. సర్టిఫికెట్లు దక్కాయి. అత్తగారిచ్చిన ఇత్తడి కుందులు, తడి గ్రైండరు, పాప ఉయ్యాల పోయాయి.

తిరిగొచ్చాక ఒక లాయర్‌ని అడిగాను. ఆయన కాగితాలు చూసి, "మీరు రాసిచ్చిన అడ్రసుకి ఉత్తరాలు పంపారు. చట్టం అడిగింది అంతే" అన్నాడు. పంపితే చాలట. అందిందా లేదా అన్నది లెక్కలోకి రాదట. ఆ మాట నాకు మింగుడు పడలేదు. ఈ ఏర్పాటు ఎక్కణ్ణుంచి వచ్చిందో చూద్దామని అప్పుడు మొదలుపెట్టాను.

బాకీ తీరేదాకా మీ పెట్టె మా దగ్గరే

దీనికి వేరు పాత ఇంగ్లీషు న్యాయంలో ఉంది. సత్రంలో దిగినవాడు డబ్బు కట్టకపోతే, సత్రం యజమాని వాడి మూట పట్టి ఉంచుకోవచ్చు. ఈ హక్కునే లీన్ అంటారు. పట్టి ఉంచుకోవచ్చు గానీ, సొంతంగా అమ్ముకునే హక్కు మామూలుగా ఉండేది కాదు. అమెరికాలో గిడ్డంగులు పెరిగాక ఆ రెండో హక్కును చట్టాలు ఇచ్చాయి. 1906 నాటి గిడ్డంగి రసీదుల నమూనా చట్టంలోనూ, తర్వాత దాదాపు అన్ని రాష్ట్రాలూ తీసుకున్న యూనిఫాం కమర్షియల్ కోడ్‌లోనూ ఇది ఉంది. బాకీ ఉంటే నోటీసు ఇవ్వాలి, ప్రకటన వేయాలి, తర్వాత అమ్ముకోవచ్చు. జడ్జి దగ్గరికి వెళ్లక్కర్లేదు.

మన ఊళ్లలో శిస్తు బాకీకి సామాను జప్తు చేసినప్పుడు టముకు వేయించి వేలం పెట్టేవారని మా నాయనమ్మ చెప్పేది. పరువు పోయేది, నిజమే. కానీ ఆ మనిషి ఊళ్లో లేకపోయినా ఎవరో ఒకరు పక్కూరికి పరిగెత్తి చెప్పేవారట. ఇక్కడ టముకు బదులు పేపర్లో చిన్న అక్షరాల ప్రకటన. దాన్ని చదివి మీకు ఫోన్ చేసేవాళ్లు ఎవరున్నారు?

షర్లీ బ్రూక్స్ అడిగిన ప్రశ్న

నాకొచ్చిన ప్రశ్నే 1970ల్లో ఒకావిడ కోర్టులో అడిగింది. పేరు షర్లీ బ్రూక్స్. న్యూయార్క్ రాష్ట్రం మౌంట్ వెర్నన్‌లో ఉండేది. 1973 జూన్ 13న ఆమెను, కుటుంబాన్ని అద్దె ఇంటి నుంచి ఖాళీ చేయించారు. సామాను ఎత్తి గిడ్డంగిలో పెట్టడానికి సిటీ మార్షలే ఫ్లాగ్ బ్రదర్స్ అనే సంస్థను పిలిపించాడు. రేటు ఎక్కువనిపించినా, సామాను వీధిలో ఉండగా బేరం ఏమాడుతుంది? సరే, తీసుకెళ్లండి అంది. ఆ తర్వాత ఛార్జీల మీద గొడవలు నడిచాయి. ఆగస్టు 25న ఉత్తరం వచ్చింది. పది రోజుల్లో బాకీ కట్టకపోతే నీ ఫర్నిచర్ అమ్మేస్తాం అని దాని సారాంశం.

ఆమె ఫెడరల్ కోర్టుకెళ్లింది. రాజ్యాంగం పద్నాలుగో సవరణ ప్రకారం, సరైన విచారణ లేకుండా ప్రభుత్వం ఎవరి ఆస్తినీ లాక్కోకూడదు కదా. మరి ఛార్జీ న్యాయమో కాదో ఏ జడ్జీ వినకుండానే నా మంచాలూ కుర్చీలూ ఎలా అమ్ముతారు అని అడిగింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1978 మే 15న తీర్పు వచ్చింది. తొమ్మిది మందిలో ఒకరు పాల్గొనలేదు. 5-3తో ఆమె ఓడిపోయింది. మెజారిటీ తరఫున రాసిన జస్టిస్ రెన్‌క్విస్ట్ చెప్పింది క్లుప్తంగా ఇదీ: అమ్మేది ప్రైవేటు సంస్థ. చట్టం దానికి అడ్డు చెప్పకపోయినంత మాత్రాన అది ప్రభుత్వం చేసిన పని అయిపోదు. కాబట్టి పద్నాలుగో సవరణ ఇక్కడ వర్తించదు.

ఒప్పుకోనివాళ్లలో జస్టిస్ స్టీవెన్స్ ఒకరు. మామూలుగా కోర్టు చేయాల్సిన పనిని రాష్ట్రమే చట్టం చేసి ఒక ప్రైవేటు వ్యక్తి చేతిలో పెడితే, అందులో రాష్ట్రం చేయి లేదని ఎలా అంటాం అన్నది ఆయన వాదన. జస్టిస్ మార్షల్ ఇంకా ఘాటుగా, పేదల బతుకు ఎలా ఉంటుందో ఈ తీర్పుకి పట్టలేదని రాశారు.

ఛార్జీలు న్యాయమైనవని కోర్టు ఎక్కడా అనలేదు. ఆ సంగతి తేల్చాల్సింది రాజ్యాంగం కాదు, రాష్ట్రాల చట్టాలు అని వదిలేసింది. అంటే నోటీసు ఎన్ని రోజులు, ఎవరికి పంపాలి, అభ్యంతరం చెప్పే దారి ఉందా అన్నదంతా ఆ రాష్ట్ర శాసనసభ దయ.

తాళంచెవి చేతికొచ్చింది

ఇదే సమయంలో గిడ్డంగి రూపమే మారిపోతోంది. 1960ల్లో టెక్సస్‌లోని ఒడెస్సా అనే చమురు ఊళ్లో గ్యారేజీల్లాంటి గదులు వరసగా కట్టి అద్దెకిచ్చారు. దాని పేరు చూడండి: ఎ-1 యు-స్టోర్-ఇట్ యు-లాక్-ఇట్ యు-క్యారీ ద కీ. మీరే పెట్టుకోండి, మీరే తాళం వేసుకోండి, తాళంచెవి మీరే పట్టుకెళ్లండి అని. ఈ కొత్త వ్యాపారం మొత్తం ఆ పేరులోనే ఉంది.

పాత గిడ్డంగిలో మన సామాను వాళ్లకి అప్పగిస్తాం, వాళ్లు రసీదు ఇస్తారు, కాపలా వాళ్లది. ఇక్కడ రసీదు లేదు. లోపల ఏముందో వాళ్లకి తెలీదు. గది మాత్రమే అద్దెకిచ్చాం అంటారు. అందుకే పోయినా, తడిసినా బాధ్యత మాది కాదని అగ్రిమెంటులో రాస్తారు. మరి సామాను వాళ్ల స్వాధీనంలోనే లేనప్పుడు, పట్టి ఉంచుకునే పాత గిడ్డంగి హక్కు వాళ్లకి ఎలా వస్తుంది? ఈ చిక్కు తీర్చడానికే రాష్ట్రాలు ఈ వ్యాపారానికి ప్రత్యేకంగా చట్టాలు చేశాయి. కాలిఫోర్నియాలో అది 1981లో వచ్చింది. కాపలా బాధ్యత గది అద్దెకిచ్చినవాడిలా, అమ్ముకునే హక్కు గిడ్డంగివాడిలా. రెండు వైపులా లాభం వాళ్లకే అనిపిస్తుంది నాకు.

వాళ్ల వైపు మాట కూడా చెప్పాలి. అద్దె ఎగ్గొట్టి, పాత సోఫాలు వదిలేసి మాయమయ్యేవాళ్లు ఉంటారు. ప్రతి గదికీ కోర్టుకెళ్లమంటే ఆ ఖర్చు చివరికి పడేది సరిగ్గా కట్టే మన మీదే.

కాలిఫోర్నియా చట్టంలో మెట్లు ఇలా ఉంటాయి. అద్దె 14 రోజులు కట్టకపోతే మొదటి నోటీసు పంపొచ్చు. అందులో ఇచ్చిన గడువు, కనీసం 14 రోజులు, దాటితే మిమ్మల్ని లోపలికి రానివ్వకపోవచ్చు. మీ తాళం మీద వాళ్ల తాళం పడేది ఇక్కడే. తర్వాత అమ్మకం నోటీసు, దానికి మళ్లీ కనీసం 14 రోజులు. ఆపైన పేపర్లో ప్రకటన, తర్వాత వేలం. మొత్తం కలిపితే సుమారు రెండు నెలలు. ఒక్క 221(జి) దీనికంటే ఎక్కువ లాగుతుందని మీలో చాలామందికి తెలుసు.

షర్లీ బ్రూక్స్‌కి దొరకనిది ఒకటి ఈ చట్టంలో ఉంది. అమ్మకం నోటీసుతో పాటు ఒక ఖాళీ ఫారం పంపాలి. ఈ అమ్మకానికి నేను ఒప్పుకోను అని ప్రమాణపూర్వకంగా సంతకం చేసి గడువులోపు పంపితే, వాళ్లు కోర్టుకెళ్లి గెలవకుండా అమ్మడానికి లేదు. ఆమె అయిదేళ్లు పోరాడినా దొరకని విచారణ ఒక్క కాగితంతో దొరుకుతుంది. నా ఫారం సన్నీవేల్‌లో ఎవరి పోస్టుబాక్సులో పడిందో మరి.

వేలంలో బాకీ పోగా డబ్బు మిగిలితే అది మనదే. ఏడాదిలోపు అడగాలి. తర్వాత అది కౌంటీ ఖజానాకి పోతుంది. నాకు మిగిలింది ఏమీ లేదు. మొత్తం సామాను బాకీకి, ఫీజులకే సరిపోయిందన్నారు.

2010లో టీవీలో స్టోరేజ్ వార్స్ మొదలయ్యాక, ఈ వేలాలు వినోదం అయ్యాయి. మేమూ రూమ్‌లో పిజ్జా తింటూ చూసినవాళ్లమే. తలుపు పైకి లేవగానే లోపల ఏముందా అని మెడలు చాచేవాళ్లం. ఎవరిదై ఉంటుందని ఒక్కరోజూ అనుకోలేదు.

ఉత్తరం అందని మనుషులు

దూరంగా ఉన్న మనిషికి ఉత్తరం అందదన్న సంగతి ఈ దేశ చట్టానికి తెలియదా? తెలుసు. సైనికుల విషయంలో బాగా తెలుసు. 2003 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం, సైన్యంలో ఉన్నంతకాలం, ఆ తర్వాత 90 రోజుల దాకా, స్టోరేజ్ బాకీ కింద వాళ్ల సామాను అమ్మాలంటే కోర్టు ఆర్డరు తప్పనిసరి. వీసా ఆఫీసు దగ్గర ఇరుక్కున్నవాడికి అలాంటి కవచం లేదు.

ఇంకో కథ సియాటిల్‌లో ఉంది. 1942 ఫిబ్రవరి 19న వచ్చిన ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ 9066 వల్ల పశ్చిమ తీరంలోని సుమారు 1,20,000 మంది జపనీస్ మూలాలవాళ్లను క్యాంపులకి పంపారు. చేత్తో మోయగలిగినంతే తెచ్చుకోండి అన్నారు. మిగిలింది గిడ్డంగుల్లో, గుళ్లలో, చర్చిల్లో, పక్కింటివాళ్ల దగ్గర పెట్టి వెళ్లారు. చాలావరకు దొంగలపాలైంది. 1948లో నష్టపరిహార చట్టం తెచ్చాక బాధితులు అడిగింది దాదాపు 14 కోట్ల 80 లక్షల డాలర్లు. చేతికొచ్చింది సుమారు 3 కోట్ల 70 లక్షలు.

సియాటిల్‌లోని పనామా హోటల్ కింది గదిలో కూడా కొన్ని కుటుంబాలు పెట్టెలు దాచుకున్నాయి. యజమాని తకాషీ హోరి కూడా క్యాంపుకి వెళ్లక తప్పలేదు. యుద్ధం అయ్యాక తిరిగొచ్చి మళ్లీ హోటల్ నడిపాడు. కొందరు రానే లేదు. వాళ్ల పెట్టెలు అక్కడే ఉండిపోయాయి. 1985లో హోటల్ చేతులు మారింది, అయినా పెట్టెలు కదల్లేదు. కిందటేడు మేము వెళ్లినప్పుడు టీ తాగే హాల్లో నేలకి అమర్చిన అద్దంలోంచి చూశాను. పెట్టెలు, ట్రంకులు. మా పాప "నాన్నా, వీళ్లెప్పుడొస్తారు?" అని అడిగింది.

అందరికీ హోరి దొరకడు. కానీ కాలిఫోర్నియా చట్టమే మనకి ఒక చిన్న దారి ఉంచింది. అద్దె అగ్రిమెంటులో నోటీసులు పంపడానికి ఇంకొకరి పేరు, అడ్రసు రాసుకునే చోటు ఉండాలి. నా పాత అగ్రిమెంటు తీసి చూశాను. ఆ గీత ఖాళీగా ఉంది. తొందరలో దాన్ని దాటేసి కింద సంతకం పెట్టేశాను.

ఇండియా వెళ్లే ముందు మీ అగ్రిమెంటు ఒకసారి తీయండి. ఆ గీత మీద, ఇక్కడే ఉండే మనిషి పేరు రాయండి. అడ్రసు మారితే రాతపూర్వకంగా చెప్పండి, ఆ కాపీ దాచుకోండి. కార్డు మారితే ఆటోపేలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసుకోండి. సర్టిఫికెట్లు యూనిట్‌లో పెట్టకండి. వేరే రాష్ట్రాల్లో గడువులు వేరుగా ఉంటాయి, మీ రాష్ట్రం సంగతి చూసుకోండి.

ఇప్పుడు మాకు ఫ్రీమాంట్‌లో ఫైవ్ బై టెన్ ఉంది. రెండో పేరు మా తమ్ముడిది. వాడి యూనిట్‌కి రెండో పేరు నాది. పోయిన నెల వాడి అద్దె రెండు రోజులు ఆలస్యమైతే నేనే ఫోన్ చేసి తిట్టాను.