మెట్టసీమ బండలాగుడు

అమెరికాలో పావుమైలు దారిని కారు ఎన్ని సెకన్లలో దాటినదో కొలిచే పందెం డ్రాగ్ రేసు. డ్రాగ్ అనగా ఈడ్చుట. మిత్రులారా, అసలైన ఈడ్పు మా జగ్గయ్యపేట, నందిగామ మెట్టసీమది. ఇక్కడ కొలిచేది నిర్ణీత కాలంలో ఒంగోలు గిత్తల జత బండను లాగిన దూరాన్ని. పళ్ళను బట్టి జతలకు విభాగాలుంటాయి. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ళలో ఈ పందేలు చూచాను.

ట్రాక్టరు వచ్చి అరక మూలపడినది. గిత్త బలం చూపడానికి బరి ఒక్కటే మిగిలినది. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్లబండి పందేలను నిషేధించినది. 2023 మే 18న తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రల సవరణ చట్టాలను సమర్థించినది.

చట్టం అటుంచి, ముల్లుగర్ర పోటుకు పడిన అడుగు బలమెట్లగును? అది బాధ. కర్ర లేని బరిలో గెలిచిన జతకే దండ వేయాలని నా మనవి.