చిన్న విమానంలో ఇంజన్ వైఫల్యం

ఒకే ఇంజన్ ఉన్న విమానంలో గాలిలో ఇంజన్ ఆగితే పైలట్ పాటించే అత్యవసర విధానం ఇది. ఇంజన్ ఆగినా విమానం రాయిలా పడిపోదు. రెక్కల మీద జారుతూ దిగుతుంది. సెస్నా 172 నేలకు 3,000 అడుగుల ఎత్తు నుంచి, ఎదురుగాలి లేకపోతే, సుమారు 8 కిలోమీటర్లు వెళ్లగలదు. అందుకు వేగాన్ని 65 నాట్ల దగ్గర నిలపాలి. అన్నిటికన్నా ముందు పని ఇదే. వేగం పోతే మిగతావేవీ అక్కరకు రావు.

తర్వాత దిగే చోటు ఎంచుకోవాలి. ఉదాహరణకు, తెలంగాణలోని మల్యాల పరిసరాల్లో అది తేలిక కాదు: కొండగట్టు గుట్టలు, మామిడి తోటలు, నీళ్లు నిలిచిన వరిమళ్లు. తడి మడిలో ముందు చక్రం దిగబడి విమానం బోల్తా పడవచ్చు. పొడి చెలక మేలు. వ్యవసాయ మోటర్ల కరెంటు తీగలు పైనుంచి కనిపించవు, స్తంభాలను చూసి పోల్చుకోవాలి. బసంత్‌నగర్ పాత రన్‌వే జారుతూ అందుకోలేనంత దూరం.

ఎత్తు మిగిలితే, ఇంజన్ మళ్లీ నడుస్తుందేమోనని ఇంధన వాల్వు, ఇంధన-గాలి మిశ్రమం, మాగ్నెటోలు (నిప్పురవ్వ పుట్టించేవి), కార్బురేటర్ హీట్ సరిచూస్తారు. తేమగాలిలో, బయట 20 డిగ్రీలున్నా, కార్బురేటర్‌లో మంచు కట్టవచ్చు. 121.5 మెగాహెర్ట్జ్‌లో ‘మేడే’ పిలుపు, ట్రాన్స్‌పాండర్‌లో అత్యవసర కోడ్ 7700. నేల తాకే ముందు ఇంధనం, కరెంటు ఆపి, తలుపు గొళ్లెం తీస్తారు.

టేకాఫ్ అయిన వెంటనే, తక్కువ ఎత్తులో ఇంజన్ ఆగితే రన్‌వే వైపు వెనక్కి తిరగరాదు. ఎదుట ఉన్న చోటే దిగాలి.