కాళి అను వేటకుక్కకు నిలిపిన రాయి

మన సాయంకాలపు తెలుగు తరగతికి వచ్చు కుటుంబములలో ముసలి కుక్కలను సాకుచున్నవారు చాలామంది కలరు. దానికి కాలము తీరినపుడు ఏమి చేయవలెనని పిల్లలు అడుగుదురు. పెద్దలు మాట మార్చుదురు. ఈ ప్రశ్నకు జవాబును మేము చరిత్రలో వెదకితిమి.

కర్ణాటకములో మండ్య జిల్లాయందు, మద్దూరు సమీపమున, ఆతకూరు అను ఊరు కలదు. అక్కడ చల్లేశ్వరాలయము ఎదుట ఉండిన ఒక వీరగల్లు నేడు బెంగళూరు ప్రభుత్వ మ్యూజియములో ఉన్నది. వీరగల్లు అనగా పోరాడి మరణించిన వీరుని పేర నిలుపు రాయి. తెలుగునాట కూడ ఇట్టివి అనేకము కలవు. కాని ఆతకూరు రాతిమీద చెక్కిన బొమ్మ మనుష్యునిది కాదు. అడవిపందితో కలియబడిన కుక్కది. కాలము శక సంవత్సరము 872, అనగా క్రీ.శ. 949-50. రాష్ట్రకూట రాజు మూడవ కృష్ణుడు తక్కోలము యుద్ధములో చోళ రాజాదిత్యుని గెలిచిన రోజులవి. ఆ యుద్ధములో కృష్ణునికి తోడు నిలిచిన గంగరాజు బూతుగుని కొలువులో మణలరుడను వీరుడుండెను. అతని పరాక్రమమునకు మెచ్చి, ఏమి కావలెనో కోరుకొమ్మనగా, కాళి అను వేటకుక్కను ఇప్పింపుడని అడిగెను. తరువాత ఒక కొండ దగ్గర ఆ కుక్కను పెద్ద అడవిపందిమీదికి వదలగా, రెండును పోరాడి చచ్చినవి.

కాళి పేర రాయి నిలిపినారు. అంతటితో ఊరకొనక వరిపొలమును కూడ దానమిచ్చినారు. మా దృష్టిలో రాతికంటె ఈ పొలమే గొప్పది. దాని ఫలమును అనుభవించు గొరవుడు, అనగా శైవ పూజారి, ఆ రాతికి పూజచేయక అన్నము తినినచో కుక్క చేసిన పాపము అతనికి తగులునని శాసనములో వ్రాసినారు. దుఃఖము నాలుగు నాళ్లలో చల్లారునని వారెరుగుదురు. చల్లారిన తరువాత కూడ పని జరుగుటకు ఖర్చు ఎక్కడనుండి వచ్చును, బాధ్యత ఎవరిది అన్న రెండును ముందే తేల్చినారు.

భారతములోని కథ అందరికి తెలిసినదే. తిక్కన తెనిగించిన మహాప్రస్థానిక పర్వములో ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రానని పట్టుబట్టును. మనవారు దీనిని కుక్క గొప్పతనమునకు చెప్పుదురు గాని, అక్కడ పరీక్ష మనుష్యునిదే.

ఇక మా సంగతి. 1860లో మదరాసునుండి ట్రూరో ఓడ డర్బను చేరినది మొదలు, కూలి ఒడంబడికమీద నేటాలు చెరకుతోటలకు వచ్చిన మా పూర్వులకు కుక్క రాత్రి కావలి. అది చచ్చినపుడు పెరటిలో మామిడిచెట్టు క్రింద గొయ్యి త్రవ్వి, కొంచెము పసుపు చల్లి పూడ్చెడివారు. స్థలము మనదేనని నమ్మిన రోజులవి. 1950లో గ్రూప్ ఏరియాస్ చట్టము వచ్చినది. కేటో మేనరు తోటమళ్లను విడిచి చాట్స్‌వర్తునకు పోవలసి వచ్చినపుడు మనవారు పాత్రలను, దేవుని పటములను మూటగట్టుకొనిరి. మామిడిచెట్టు క్రిందివి అక్కడనే మిగిలిపోయినవి.

ఈ దేశములోనే వేరొక కుక్కకు జరిగినది చూడుడు. కేప్‌టౌను దగ్గరి సైమన్స్ టౌనులో జస్ట్ న్యూసెన్స్ అను గ్రేట్ డేన్ కుక్కను 1939లో బ్రిటిషు నౌకాదళము నావికునిగా పేరు వ్రాసికొనినది. ప్రమాదము తరువాత దానికి క్రమముగా పక్షవాతము వచ్చెను. 1944 జనవరిలో కొలువునుండి విడుదల చేసిరి. నయము కాదని పశువైద్యుడు చెప్పగా ఏప్రిల్ 1న మందిచ్చి నిద్రపుచ్చిరి. మరునాడు నౌకాదళపు జెండా కప్పి, తుపాకుల వందనముతో రెడ్ హిల్ మీద పాతిపెట్టిరి.

మందిచ్చి నిద్రపుచ్చుట పాపమా అని మన ఇండ్లలో వాదము. నయము కాని బాధలో తిండి మాని మూలుగుచున్న ప్రాణిని చూచుచు కూర్చుండుట మాత్రము పుణ్యమని మేమనుకొనము. పశువైద్యుడు మొదట మత్తుమందిచ్చి, తరువాత అధికమోతాదు మందును నరములోనికి ఎక్కించును. కొద్ది నిమిషములలో గుండె ఆగును. ఆ మందు కళేబరములో మిగిలియుండును గనుక లోతు తక్కువగా పాతిన యెడల దానిని త్రవ్వి తిను జంతువులకు ప్రాణాపాయము. అద్దె ఇంటివారికి, ఫ్లాటులవారికి ఆ పెరడు కూడ లేదు. దహనములో రెండు విధములు కలవు. విడిగా కాల్చినపుడే మన కుక్క బూడిద మన చేతికి వచ్చును. పలు కళేబరములను కలిపి కాల్చినపుడు రాదు. ఈ తేడాను, ఖర్చును, రాత్రివేళ ఎవరిని పిలువవలెనన్నదానిని ప్రాణమున్నపుడే అడిగి వ్రాసికొనవలెను. పిల్లలకు "ఊరికి పోయినది" అని చెప్పకుడు. వారు గుమ్మము దగ్గర ఎదురుచూతురు.

అరువది దాటినవారము గనుక కుక్కకంటె ముందు మేమే పోవచ్చును. ఆ కాగితమును మా ఇంటిలో వంటగది బీరువా తలుపు లోపలివైపు అంటించితిమి. మా తరువాత కుక్క ఎవరి ఇంటికి పోవలెనన్నచోట మా మేనకోడలి పేరున్నది. తిండికి, మందులకు ఆమె చేతిలో కొంత సొమ్ము కూడ పెట్టితిమి. ముందు ఆమెను అడిగి, ఒప్పుకొనిన తరువాతనే పేరు వ్రాసితిమి.