నలభై ప్రశ్నల కొలబద్ద

"మగపిల్లగాడు గద, మాటలు ఆలస్యంగనే వస్తయి. వాని మేనమామకు గూడ గట్లనే వచ్చినయి." వరంగల్ ఇళ్లలో మూడేళ్ల పిల్లాడికి మాటలు రాకపోతే పెద్దవాళ్లు తల్లికి చెప్పే ధైర్యం ఇది. పేరుపెట్టి పిలిస్తే వాడు తిరిగి చూడడు. కావలసింది వేలుతో చూపించడు. బొమ్మకారు ఇస్తే నడపకుండా దాని చక్రమే తిప్పుతూ కూర్చుంటాడు. చెవులు పరీక్ష చేయిస్తే వినికిడి బాగానే ఉందంటారు.

ఇలాంటి 11 మంది పిల్లల గురించి అమెరికాలో పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ 1943లో రాశాడు. ఆ తర్వాత ఏళ్ల తరబడి తల్లి ప్రేమ చాలకే ఆటిజం అనే ఈ స్థితి వస్తుందన్నారు. అంత అన్యాయమైన నింద వైద్యంలో మరొకటి ఉండదేమో! ఆటిజం నాడీవ్యవస్థకు సంబంధించినదని 1964లో మనస్తత్వ శాస్త్రవేత్త బెర్నార్డ్ రిమ్‌లాండ్ గట్టిగా వాదించాడు. ఆయన కొడుక్కీ ఆటిజమే.

మన దగ్గర చిక్కు ఇంకోచోట. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం పేరే లేదు. 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం ఆ పేరు చేర్చింది. అయితే ఏ పిల్లాడికి ఎంత ఉందో తేల్చే కొలత లేనిదే వైకల్య సర్టిఫికెట్ ఎలా ఇస్తారు? ఆ కొలత సికింద్రాబాద్‌లో, మనోవికాస్‌నగర్‌లోని జాతీయ మానసిక వికలాంగుల సంస్థలో తయారైంది. 2009లో బయటికొచ్చిన దాని పేరు 'ఐసా'. అందులో 40 అంశాలు: కళ్లలోకి చూడటం, తోటిపిల్లలతో కలవడం, విన్నమాటే మళ్లీ అనడం, శబ్దాలకు బెదరడం లాంటివి. ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. అరుదుగా కనిపిస్తే 1, దాదాపు ఎప్పుడూ ఉంటే 5. మొత్తం 70 లేదా ఆపైన వస్తే ఆటిజం, 153 దాటితే తీవ్రం. పిల్లాణ్ని చూడటంతో సరిపెట్టరు, తల్లిదండ్రులనూ అడుగుతారు. నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది అదే. అరగంటలో డాక్టరుకు కనపడనిది రోజంతా వెంట ఉండే అమ్మకు తెలుసు.

2016లో ఈ కొలతతోనే సర్టిఫికెట్లు ఇవ్వాలని కేంద్రం ప్రకటించింది. అదే ఏడాది వచ్చిన కొత్త చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజానికీ చోటు దక్కింది.

అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు చూడటానికి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు వస్తాయి. "పేరు పిలిస్తే చూస్తలేడు" అన్న మాట వాళ్ల చెవిన వేయాలి. మాట, ఆట నేర్పే శిక్షణకు సర్టిఫికెట్ దాకా ఆగనక్కర్లేదు. అనుమానం వచ్చిన రోజే మొదలుపెట్టవచ్చు.