అమ్మానాన్నల సంతకం

పోయిన వేసవి సెలవుల్లో మా అమ్మాయి ఒక్కతే సింగపూర్ వెళ్ళింది, మా చెల్లెలి దగ్గరికి. పన్నెండేళ్ళ పిల్ల. బట్టలు సర్దడం కంటే కాగితాలు సర్దడానికే ఎక్కువ రోజులు పట్టింది. వీసా ఒకటి, విమానం వాళ్ళ ఫారం ఒకటి, పిల్లను అక్కడ ఎవరికి అప్పగించాలో వాళ్ళ పేరూ ఫోన్ నంబరూ, వీటన్నిటి మీదా మేమిద్దరం సంతకం పెట్టి నోటరీ చేయించిన అంగీకార పత్రం. మా ఆయన చకచకా సంతకం గీకేసి కాఫీ కప్పు అందుకున్నారు. నేను మాత్రం "నా కుమార్తె ఒంటరిగా ప్రయాణించడానికి అనుమతిస్తున్నాను" అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. వెళ్ళేది సొంత పిన్ని ఇంటికి, మూడు వారాలకు. అయినా చెయ్యి కదల్లేదు.

అందుకు కారణం అప్పుడు నేను చదువుతున్న పుస్తకం కూడా. కార్లోస్ ఐరే అనే చరిత్ర ప్రొఫెసర్ రాసుకున్న జ్ఞాపకాలు, 'వెయిటింగ్ ఫర్ స్నో ఇన్ హవానా'. 1962లో పదకొండేళ్ళ వయసులో అన్నతో కలిసి క్యూబా నుంచి అమెరికా విమానం ఎక్కాడాయన. అమ్మానాన్నలు లేకుండా. అలా వెళ్ళిన పిల్లలు ఒకరిద్దరు కాదు. 1960 డిసెంబరు నుంచి 1962 అక్టోబరు దాకా, రెండేళ్ళు కూడా నిండకుండానే, పద్నాలుగు వేల మందికి పైగా. పత్రికల వాళ్ళు దీనికి తర్వాత 'ఆపరేషన్ పెడ్రో పాన్' అని పేరు పెట్టారు, ఎగిరిపోయే పీటర్ పాన్ కథ గుర్తొచ్చేలా. ముద్దుగానే ఉంది పేరు.

1959లో క్యూబాలో ఫిడెల్ కాస్ట్రో అధికారంలోకి వచ్చాడు. మధ్యతరగతి ఇళ్ళలో మొదట సంతోషపడినవాళ్ళే మెల్లగా భయపడటం మొదలుపెట్టారు. 1960 చివర్లో ఒక పుకారు లేచింది. తల్లిదండ్రులకు పిల్లల మీద ఉండే చట్టపరమైన హక్కును ప్రభుత్వం తీసేసుకోబోతోందని. అమెరికా గూఢచారి సంస్థ సి.ఐ.ఎ. నడిపిన రేడియో ఒకటి దాన్ని ప్రసారం చేసింది. చట్టం ముసాయిదా అంటూ కాగితాలు కూడా చేతులు మారాయి. అలాంటి చట్టం అసలు రానే లేదు. ప్రభుత్వం అప్పుడే అబద్ధమని చెప్పింది. కానీ 1961లో ప్రైవేటు బడులన్నీ ప్రభుత్వం చేతికి పోయాయి. చదువు చెప్పే ఉద్యమమని లక్ష మంది దాకా కుర్రవాళ్ళను, ఆడపిల్లలతో సహా, పల్లెలకు పంపారు. ఇవి మాత్రం కళ్ళెదుట జరిగినవి. నిజాల మధ్యలో ఒక అబద్ధం పెడితే అది కూడా నిజంలాగే కనిపిస్తుంది కదా. వాట్సాప్‌లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలంటూ వచ్చిన మెసేజీ చూసి నేను మా పిల్లను వారం రోజులు పార్కుకు పంపలేదు. ఆ తల్లుల్ని చూసి నవ్వే అర్హత నాకు లేదు.

ఇక వీసా సంగతి. హవానాలో రస్టన్ అకాడమీ అనే బడి ఉండేది. దాని హెడ్‌మాస్టర్ జేమ్స్ బేకర్, తన పిల్లల తల్లిదండ్రులు బతిమాలడంతో, చదువు వీసాల మీద కొందరిని అమెరికా పంపాలని చూశాడు. 1960 డిసెంబరులో మయామీ వెళ్ళి బ్రయాన్ వాల్ష్ అనే ఫాదరీని కలిశాడు. ఐర్లండులో పుట్టిన వాల్ష్‌కు అప్పటికి ముప్ఫై ఏళ్ళు. అంతకు నెల ముందే పెడ్రో అనే పదిహేనేళ్ళ క్యూబా కుర్రాణ్ణి ఎవరో ఆయన దగ్గరికి తీసుకొచ్చారు, వీణ్ణి చూసుకునేవాళ్ళు లేరని. ఇంకా ఎంతమంది ఇలా వస్తారోనని ఆయన అప్పటికే ఆలోచనలో పడ్డాడు. డిసెంబరు 26న మొదటి పిల్లలు దిగారు, ఒక అన్నా చెల్లెలూ.

వారం దాటిందో లేదో, 1961 జనవరి 3న, అమెరికా క్యూబాతో సంబంధాలు తెంచుకుంది. హవానాలో రాయబార కార్యాలయం మూతపడింది. వీసా వేసేవాళ్ళే లేరు. అప్పుడు అమెరికా విదేశాంగ శాఖ ఒక విచిత్రమైన పని చేసింది. పిల్లలకు వీసా అవసరం లేదని రాసి ఇచ్చే అధికారాన్ని ఆ ముప్ఫై ఏళ్ళ ఫాదరీ చేతిలో పెట్టింది. ఆరు నుంచి పదహారేళ్ళ పిల్లలకు ఆయన ఉత్తరం చాలు. పదహారు దాటినవాళ్ళ పేర్లు మాత్రం ముందు తనిఖీ చేయించాలి. ఆ ఉత్తరమంటే ఏమీ లేదు, యంత్రం మీద తీసిన నకలు కాగితం. అందులో పిల్ల పేరూ పుట్టిన తేదీ నింపి వాల్ష్ సంతకం పెట్టేవాడు. దాన్ని చూసి విమానం వాళ్ళు ఎక్కనిచ్చేవారు. మన అమెరికా వీసా క్యూలూ ఇంటర్వ్యూలూ తెలిసినవాళ్ళకు ఇది కట్టుకథలా అనిపిస్తుంది.

ఆ కాగితాలను హవానాలో ఇల్లిల్లూ చేర్చినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. పెనీ పవర్స్ అనే ఇంగ్లీషావిడ ఉంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు జర్మనీ, ఆస్ట్రియా, చెకోస్లొవేకియాల నుంచి పదివేల మంది పిల్లల్ని, ఎక్కువమంది యూదు పిల్లల్ని, తల్లిదండ్రులు లేకుండానే ఇంగ్లండు తెచ్చిన పనిలో ఆవిడ చెయ్యి ఉంది. ఇంకొకావిడ పొలీతా గ్రావ్, మాజీ అధ్యక్షుడి సోదరుడి కూతురు. 1965లో ఆమెను అరెస్టు చేసి ముప్ఫై ఏళ్ళ శిక్ష వేశారు. ఏళ్ళ తరబడి జైలు అనుభవించి 1978లో బయటికొచ్చింది.

హవానా విమానాశ్రయంలో ఒక అద్దాల గది ఉండేది. దాన్ని 'పెసేరా' అనేవారట, అంటే చేపల తొట్టి. పిల్లలు లోపల, అమ్మానాన్నలు బయట. మాట వినబడదు. అద్దం మీద చేతులు ఆనించి, సైగలు చేసుకుంటూ గంటలు గంటలు నిలబడేవాళ్ళు. పుస్తకంలో నేను ముందుకు పోలేక మూసేసింది అక్కడే.

అందరూ అనుకున్నది కొన్ని నెలలే. కాస్ట్రో పడిపోతాడు, పిల్లలు తిరిగొస్తారు, లేదంటే మనమే వెళ్తాం అని. 1962 అక్టోబరులో క్షిపణుల గొడవ వచ్చి విమానాలు ఆగిపోయాయి. మళ్ళీ 1965 డిసెంబరు 1న మొదలయ్యాయి. అప్పుడు ఒంటరి పిల్లల తల్లిదండ్రులకే ముందు చోటిచ్చారు. సుమారు సగం మందిని మయామీలో బంధువులో స్నేహితులో తీసుకెళ్ళారు. మిగిలినవాళ్ళు శిబిరాల్లో, తెలియని ఇళ్ళలో, అనాథాశ్రమాల్లో పెరిగారు. కొందరికి మంచి ఇళ్ళు దొరికాయి, కొందరికి దొరకలేదు. తర్వాత కళాకారిణిగా పేరు తెచ్చుకున్న ఆనా మెండియెటా పన్నెండేళ్ళప్పుడు అక్కతో కలిసి వచ్చి, మంచు కురిసే అయోవాలో పడింది. వాళ్ళమ్మ 1966లో వచ్చింది. నాన్న జైలు నుంచి బయటపడి వచ్చేసరికి 1979. కార్లోస్ ఐరే అమ్మ మూడేళ్ళకు వచ్చింది. నాన్న రానే లేదు.

పంపినవాళ్ళు తప్పు చేశారా? పెద్దయ్యాక ఆ పిల్లలే రెండు రకాలుగానూ చెప్పారు. అమ్మ ధైర్యం వల్లే బతికామన్నవాళ్ళున్నారు, ఆ అబద్ధం పుట్టించినవాళ్ళను క్షమించలేనన్నవాళ్ళున్నారు. నాకైతే కోపం ఆ తల్లుల మీద రాదు, ఆ రేడియో మీద వస్తుంది. ఆ వంటింట్లో పొయ్యి దగ్గర నేనుంటే ఏం చేసేదాన్నో ఎన్నిసార్లు అనుకున్నా తేలలేదు.

సంతకం పెట్టాను లెండి. హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో విమానం వాళ్ళ అమ్మాయి మా పిల్ల మెడలో కార్డు వేసి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. అక్కడా అద్దాలే. లోపల్నుంచి వెనక్కి తిరిగి ఏదో అంది, వినబడలేదు. నేను తల ఊపాను. దిగాక ఫోన్ చేసి, "ఛార్జర్ మర్చిపోయానమ్మా, అదే చెప్పాను, నువ్వు సరే అన్నావుగా" అంది.