దాదాగారి తుపాకికి మరమ్మతు

ఇంట్లో పెద్దలు కాలం చేసిన తర్వాత వారి వస్తువులు పంచుకోవడం అంత కష్టం కాదు. ఇత్తడి సామానుకు, చేతిరాత ఖురాన్ షరీఫ్‌కు, పొలం కాగితాలకు ఎవరో ఒక వారసుడు వుంటాడు. చిక్కంతా దాదాగారి తుపాకితోనే. ఒక కొడుకు అమ్మేద్దామంటాడు. ఇంకొకడు గోడకు తగిలిద్దామంటాడు. మనుమడైతే తుప్పు రుద్ది నూనె వేస్తే మళ్ళీ పేలుతుందంటాడు. ఈ మాటల మధ్య లైసెన్సు గడువు కాస్తా దాటిపోతుంది.

తాతల నాటి తుపాకిని పనిచేసే స్థితికి తేవచ్చునా? తేవచ్చు. అయితే దానికి మూడు మరమ్మతులు కావాలి. మొదటిది చరిత్రకు, రెండోది కాగితానికి, మూడోది ఇనుముకు. మనవాళ్ళు తరచుగా మూడోదానితో మొదలుపెట్టి మొదటి రెంటినీ పాడుచేసుకుంటున్నారు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ముందు చరిత్ర సంగతి చూద్దాం. మన ప్రాంతానికి ఆయుధం కొత్త కాదు. 1565 యుద్ధంలో విజయనగరం పడిపోయాక రాజధాని పెనుకొండకు మారింది. 1687 తర్వాత మొగలాయీలు సిరా సుబా ఏర్పాటు చేసినప్పుడు అందులోని ఏడు పరగణాల్లో పెనుకొండ ఒకటి. 18వ శతాబ్దంలో ఈ సీమ హైదరాలీ, టిప్పు సుల్తాన్ల ఏలుబడిలోకి వచ్చింది. శ్రీరంగపట్నం కార్ఖానాల్లో చెకుముకి తుపాకులు తయారయ్యేవి. గొట్టాల మీద పులిచారలు, టిప్పు ప్రవేశపెట్టిన మౌలూదీ సంవత్సరం, చేసిన ఉస్తాదు పేరు వేసేవారు. సయ్యద్ మాసూం, అసద్ అమీన్ వంటి పనివారి పేర్లు ఆ విధంగానే నేటికీ మిగిలాయి. రాజుల పేర్లు రాయడానికి చరిత్రకారులున్నారు. పనివాడి పేరును మోసింది మాత్రం అతడు చేసిన వస్తువే.

1799 మే 4న శ్రీరంగపట్నం పతనమైంది. 1800లో నిజాం మన జిల్లాలను కంపెనీకి దత్తం చేశాడు. కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో పాళెగాళ్ళను అణచి, వారి బలగాలను చెదరగొట్టాడు. 1878 ఆయుధాల చట్టం వచ్చేసరికి భారతీయుడు తుపాకి పట్టాలంటే లైసెన్సు తప్పనిసరి అయింది, యూరోపియన్లకు మాత్రం మినహాయింపు దొరికింది. ఈ తేడా నాటి పెద్దలకు ముల్లులా గుచ్చుకుంది. 1887లో మద్రాసులో బద్రుద్దీన్ త్యాబ్జీ సాహెబ్ అధ్యక్షతన జరిగిన కాంగ్రెసు మహాసభ ఈ చట్టాన్ని సడలించాలని తీర్మానం చేసింది. కాంగ్రెసుకు అధ్యక్షత వహించిన మొదటి ముస్లిం ఆయనే.

కనుక తెల్లవాళ్ళ కాలంలో మన దాదా పేరిట లైసెన్సు వున్నదంటే అది చిన్న విషయం కాదు. ఆ పుస్తకంలో ఆయన పేరు, వూరు, తండ్రి పేరు, తుపాకి నంబరు వుంటాయి. వంశవృక్షం రాసుకోని కుటుంబానికి అదే వంశవృక్షంలో ఒక ఆకు. తుపాకి కంటే ముందు ఆ పుస్తకాన్ని పదిలం చేసుకోవాలి.

ఇక తుపాకి సంగతి. మన ఇళ్ళల్లో సాధారణంగా కనబడేది 12 బోరు జోడు గొట్టాల తుపాకి. ఒక పౌను సీసాన్ని 12 సమానమైన గుండ్లుగా పోస్తే, ఒక్కొక్క గుండు ఆ గొట్టంలో సరిగ్గా పట్టాలి. అదీ 12 బోరు అంటే. గొట్టం లోపలి వెడల్పు సుమారు 18.5 మిల్లీమీటర్లు. బర్మింగ్‌హామ్‌లో ఆన్సన్, డీలీ అనే ఇద్దరు 1875లో పైకి గుర్రాలు కనబడని తుపాకి రూపొందించారు. అంతకు ముందరి తరహాలో గుర్రాలు బయటికే వుంటాయి.

పాత గొట్టాల మీద కొన్నిటికి అలలు అలలుగా గీతలు కనిపిస్తాయి. అది పైన చెక్కిన నగిషీ కాదు. ఇనుము, ఉక్కు పట్టీలను మెలిపెట్టి, కడ్డీ చుట్టూ చుట్టి, కొలిమిలో కాల్చి అతికినప్పుడు వచ్చిన అల్లిక. దీన్ని డమాస్కస్ గొట్టం అంటారు. ధర్మవరం వారికి వేరే చెప్పనక్కరలేదు. పడుగు, పేక కలిస్తేనే పట్టుచీరకు అందం. అయితే చీరలో ఒక పోగు తెగితే చీర చిరగదు గానీ, ఈ గొట్టంలో అతుకు లోపల తుప్పు పట్టితే పైకి తెలియదు. పైగా ఇవి నల్ల పొగ వచ్చే పాత తుపాకి మందుకోసం చేసినవి. నేటి తూటాల్లో వుండేది పొగలేని మందు, దాని ఒత్తిడి వేరు. గొట్టం పగిలితే పోయేది ఎడమ చెయ్యి, ఒక్కోసారి కన్ను.

అందుకే గొట్టం కింది భాగంలో వుండే పరీక్ష ముద్రలు చదివించాలి. బర్మింగ్‌హామ్ పరీక్షశాల 1813లోనే ఏర్పడింది. పొగలేని మందుకు పరీక్ష అయిన గొట్టం మీద ఆ ముద్ర వేరుగా వుంటుంది. అది లేని తుపాకిలో నేటి తూటా పెట్టరాదు. ముద్ర వున్నా తూటా గది పొడవు కొలిపించాలి. చాలా పాత తుపాకుల్లో అది 65 మిల్లీమీటర్లే, నేటి తూటాలు ఎక్కువగా 70 మిల్లీమీటర్లవి. తూటా లోపలికి పోయింది కదా అని సరిపోయినట్టు కాదు. పేలినప్పుడు దాని మూతి విచ్చుకోవడానికి చోటు చాలక ఒత్తిడి పెరుగుతుంది.

రెండో మరమ్మతు కాగితానిది. "పాతది కదా, దీనికి లైసెన్సేమిటి?" అనే మాట మనం తరచుగా వింటుంటాం. 1959 ఆయుధాల చట్టంలో 45వ సెక్షను కొన్ని పాత ఆయుధాలకు మినహాయింపు ఇస్తుంది, నిజమే. కాని అది మరమ్మతు చేసినా పేలనివాటికి మాత్రమే. బాగుచేస్తే పేలే తుపాకి ఎంత పాతదైనా తుపాకే. లైసెన్సుదారు చనిపోతే దాన్ని ఆలస్యం చేయకుండా పోలీసు స్టేషనులో గాని, లైసెన్సు వున్న ఆయుధ వ్యాపారి దగ్గర గాని అప్పగించి రసీదు తీసుకోవాలి. తర్వాత వారసుల్లో ఒకరు, మిగతా వారసుల అంగీకారంతో, జిల్లా మేజిస్ట్రేటుకు అర్జీ పెట్టుకోవచ్చు. 2016 ఆయుధాల నియమాల ప్రకారం పెద్దాయన బతికి వుండగానే, డెబ్బై ఏళ్ళు నిండినా, తుపాకి పొంది 25 ఏళ్ళయినా వారసుని పేరిట మార్పించవచ్చు. తగాదాలు రాకుండా వుండాలంటే ఇదే మేలు. 2019 సవరణతో ఒక మనిషికి రెండు తుపాకులకు మించి వుండరాదు, వారసత్వంగా వచ్చినదీ ఆ లెక్కలోకే వస్తుంది. మరమ్మతు కూడా లైసెన్సు వున్న పనివాని దగ్గరే చేయించాలి. కొలిమి దగ్గరకో, లేతు షాపుకో తీసుకుపోతే చేసినవాడూ, చేయించినవాడూ ఇద్దరూ చిక్కుల్లో పడతారు.

మూడోది ఇనుము. ఇక్కడ తక్కువ చేసినవాడే ఎక్కువ తెలిసినవాడు. పనివాడు మొదట లోపల తూటా లేదని రూఢి చేసుకుంటాడు. గొట్టం గోడ మందం కొలుస్తాడు. సొట్టలు, లోపలి గుంటలు చూస్తాడు. గొట్టం మూసినప్పుడు సందు వుందా, స్ప్రింగులు పట్టు వదిలాయా పరీక్షిస్తాడు. అరిగిన మేకు, విరిగిన స్ప్రింగు మార్చవచ్చు, చీలిన కొయ్య కుందా అతకవచ్చు, అవిసె నూనె పలచగా పట్టించవచ్చు. గరుకు కాగితంతో రుద్దడం, సాన పట్టించడం, మెరుగు పెట్టించడం మాత్రం కూడదు. ముద్రలు, నంబరు, తయారీదారు పేరు చెరిగిపోతాయి. నంబరు చెరిగిన తుపాకి చట్టం దృష్టిలోనూ అనుమానాస్పదమే.

దీనికి మంచి ఉదాహరణ వుంది. టిప్పు సుల్తాన్‌ది అని చెప్పే వెండి పనితనం గల 20 బోరు చెకుముకి తుపాకి ఒకటి, కంపెనీ ఉద్యోగి మేజర్ థామస్ హార్ట్ వెంట ఇంగ్లండు చేరి, తరతరాలుగా ఒక ఇంటి అటక మీద వుండిపోయింది. 2019 మార్చిలో అది వేలంలో 60 వేల పౌండ్లకు పోయింది. దాని మీద గుండు తగిలిన దెబ్బ వుందనీ, యుద్ధరంగంలోనే దొరికి వుంటుందనీ వేలందారులు చెప్పారు. ఎవరైనా ఉత్సాహపరుడు ఆ దెబ్బను పూడ్చి నున్నగా చేసి వుంటే ఆ సాక్ష్యం అక్కడితో పోయేది. ఆ ఇంటివారు దాన్ని ముట్టుకోకపోవడమే దానికి జరిగిన మంచి సంరక్షణ.

1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చిన తర్వాత షికారు కాలం ముగిసిపోయింది. కనుక దాదాగారి తుపాకి పేలాలా వద్దా అన్నది నేడు పెద్ద ప్రశ్న కాదు. పనివాడు భద్రమన్నాడా, కాగితాలు సరిగా వున్నాయా, అయితే బాగుచేయించండి. గొట్టం పనికిరాదన్నాడా, పేల్చాలనే ఆశ వదులుకోండి. ఏది చేసినా ముందుగా ఒక పని చేయండి. తుపాకి నంబరు, ముద్రలు, లైసెన్సు పుస్తకంలోని వివరాలు, ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పే సంగతులు ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి. చెప్పగలిగినవారు మన మధ్య వుండగానే రాసుకోవాలి. తుప్పు పట్టిన ఇనుము ఇంకో పదేళ్ళు ఆగుతుంది, పెద్దల జ్ఞాపకం ఆగదు.